కంపకు కొన్న కత్తి

నాగేంద్రమ్మ కత్తి కొనడానికి కారంపూడి వెళ్తున్నట్టు ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవలసినంత సంగతీ కాదది. సేద్యం ఉన్న ఇంట్లో మచ్చుకత్తి లేకుండా పూట గడవదు. కంప కొట్టాలన్నా, పందిరి గుంజ చెక్కాలన్నా, పశువు మెడలో పలుపు బిగుసుకుంటే కోయాలన్నా చెయ్యి ముందు దాని మీదికే పోతుంది. ఆమె ఇంట్లోనూ ఒకప్పుడు రెండుండేవి. నాలుగేళ్ల కిందట ఆమె భర్త చెన్నకేశవరావు హత్య జరిగిన మర్నాడు, పోలీసులు తూములపాలెంలో ఇల్లిల్లూ వెతికి గొడ్డళ్లూ కత్తులూ కొడవళ్లూ ట్రాక్టరు తొట్టిలో వేసుకుపోయారు. చంపినవాళ్ల ఇళ్లలోవీ, చచ్చినవాడి ఇంట్లోవీ ఒకే తొట్టిలో పడ్డాయి. మళ్లీ తిరిగి రాలేదు.

చెన్నకేశవరావు ఆ ఏడు పంచాయతీ ఎన్నికల్లో నిలబడ్డవాడు కూడా కాదు. నిలబడ్డవాడి వెనక తిరిగినవాడు. ఫలితాలొచ్చిన వారానికి, దీపాలు పెట్టే వేళ ఫోను మోగితే "వస్తన్నా" అని చెప్పులేసుకుని బయటికి వెళ్లాడు. పాలకేంద్రం పక్కన నరికారు. నలుగురి మీద కేసయింది. ఆ నలుగురిలో ఏడుకొండలు నాగేంద్రమ్మకు తమ్ముడి వరస. అతని చేనూ వీళ్ల చేనూ ఒకే గట్టు. ఒకప్పుడు ఇద్దరు మగాళ్లూ ఒకే బీడీ సగం సగం తాగినవాళ్లు.

ఊళ్లో ఉండలేక ఆమె నరసరావుపేట వెళ్లి ఒక హాస్టల్లో వంటకు కుదిరింది. పిల్లల్లేరు. కేసు తేలేదాకా ఎదురుచూడటమొక్కటే పని. తీరా విచారణకొచ్చేసరికి, కళ్లారా చూశానన్న మరిది రాఘవులు బోనులో నిలబడి "చీకట్లో మొకాలు కనపడలేదు" అన్నాడు. కేసు కొట్టేశారు. నాగేంద్రమ్మ మరిదిని తిట్టలేదు. పెళ్లాం పిల్లలున్నవాడు, అదే ఊళ్లో బతకాల్సినవాడు, భయపడ్డాడనుకుంది. ఇక ఎదురుచూడటానికేమీ మిగలక, ఈ వేసవిలో మూటాముల్లే సర్దుకుని ఊరికి తిరిగొచ్చింది.

వచ్చి చూస్తే వాగు పక్క ఎకరం మొత్తం సర్కారు తుమ్మ కంప. మనిషెత్తు దాటి, గట్లు కనపడకుండా అల్లుకుపోయింది. కాలవ కింద రెండెకరాలు మాత్రం రాఘవులు సాగు చేసుకుంటున్నాడు. "ఆ వాగు చేలో కాలు పెట్టే మగాడు లేడు వదినా, కూలికి పిలిచినా ఎవుడూ రాడు" అన్నాడు. మిషను పెట్టి దున్నిస్తానని రెండుసార్లన్నాడు. మిషను రాలేదు. మూడోసారి ఆమె అడగలేదు. ఆటో ఎక్కింది.

కారంపూడి బస్టాండు ఎదురు సందులో ఖాతూన్ బీ దుకాణం. వెనక కొలిమి, ముందు అమ్మకం. లోపల ఆమె కొడుకులు సమ్మెట వేస్తుంటే ఆమె గడపలో నులకమంచం మీద కత్తులు పరుచుకుని కూర్చుంటుంది.

"ఏం పనికమ్మా?"

"అన్నిటికీ. ముందు కంప కొట్టాల. తర్వాత గుంజలు చెక్కుకోవాల, తాడు కోసుకోవాల. ఇంట్లో ఒకటే ఉంటది. దాంతోనే అన్నీ."

ఖాతూన్ బీ ముందు రేకు కత్తి అందించింది. సంతల్లో గుట్టలు పోసి అమ్మే రకం. ప్లాస్టిక్ పిడి, ఎర్ర రంగు. నాగేంద్రమ్మ మొనను గడపకానించి నొక్కింది. అది వంగి, వదిలాక కూడా కొంచెం వంకరగానే ఉండిపోయింది.

"నాలుగు రోజులే దీని ఆయుష్షు," అంది ఖాతూన్ బీ, దాన్ని తానే తీసి పక్కన పడేసి. "అయితే ఇది చూడు. కంపకి ఇంతకు మించింది లేదు. కొమ్మను లాగి మరీ కోసుద్ది."

బరువైన కత్తి. మొన దగ్గర చిలక ముక్కులా లోపలికి వంగి ఉంది. ఖరీదు కూడా అన్నిటికన్నా ఎక్కువ. నాగేంద్రమ్మ చెయ్యి చాచింది గానీ అందుకోలేకపోయింది. కోర్టులో ప్లాస్టిక్ సంచీలోంచి తీసి చూపించి "ఇదేనా?" అని ఆమెను అడిగిన కత్తికి ఇదే వంపు. ఆ వంపులో తుప్పులాంటిదేదో ఇరుక్కుని ఉంది. ఆమె ఆ రోజు "నాకు తెలవదయ్యా, నేను చూళ్లేదు" అనే చెప్పింది. నిజమే చెప్పింది. ఆ తర్వాత చాలా రోజులు హాస్టల్లో కూరలు తరిగే పని వేరేవాళ్లకు అప్పజెప్పింది.

"వంపు లేనిది కావాల బీబమ్మా."

"కంపకి వంపుంటేనే సుకం తల్లీ."

"వద్దు. తిన్నగా ఉండేదియ్యి."

ఖాతూన్ బీ ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, మంచం కింద నుంచి మరొకటి తీసింది. లారీ కమాను పట్టీ సాగగొట్టి చేసింది. మూరెడుకు తక్కువ, తిన్నటి వీపు, కడుపు దగ్గర కాస్త వెడల్పు. చండ్రకర్ర పిడి. పిడిలోకి దిగిన ఇనుము చివరిదాకా పోయి అవతల తేలింది. మూడు రాగి రివిట్లు. నాగేంద్రమ్మ గోటితో అంచు మీద మీటింది. సన్నగా ఖంగుమంది. పిడి పట్టి గాలిలో ఒకసారి దించింది. భుజం లాగలేదు, మణికట్టు మెలిపడలేదు. ఎక్కడ ఆపాలనుకుందో అక్కడే ఆగింది.

"ఇది మజ్జరకం," అంది ఖాతూన్ బీ. "ఏడొందలు. రేకు కత్తంత అగ్గువ కాదు, వంపుదానంత పిరెం కాదు. సానరాయి మీద పెట్టుకుంటా పోతే నీ తర్వాత కూడా ఉంటది. ఏ ఊరు?"

"తూములపాలెం."

కొలిమిలో సమ్మెట చప్పుడు ఆగలేదు గానీ ఖాతూన్ బీ చేతిలో కత్తి తుడుస్తున్న పాతగుడ్డ ఆగింది. "ఎవరి తాలూకు?"

"చెన్నకేశవరావు భార్యని."

ఖాతూన్ బీ గొంతు తగ్గించి అడిగింది. "మగోళ్లు కొంటే నేనేం అడగనమ్మా. అడిగినా నిజం చెప్పరు. నిన్ను అడుగుతన్నా. కంపకేనా?"

"కంపకే."

"అల్లా మీదొట్టు పెట్టమనను. నీ మాట చాలు." కత్తిని గోనెపట్టాలో చుట్టి, సుతిలి తాడుతో కట్టి ఇచ్చింది. నాగేంద్రమ్మ దాన్ని చంకలో పెట్టుకుని ఆటో ఎక్కితే, పక్కన కూర్చున్న ఊరి మనిషి మూట ఆకారం చూసి కొంచెం అవతలికి జరిగాడు.

సాయంత్రం రాఘవులు రోజూలాగే అన్నం గిన్నె పట్టుకుని వచ్చాడు. ఆమె వచ్చిన నాటి నుంచీ రాత్రి కూడు అతని ఇంటి నుంచే. అరుగు మీద సానరాయి, దాని పక్కన కత్తి చూసి గుమ్మం ముందే నిలబడిపోయాడు.

"ఏంది వదినా ఇది?"

"కంప కొట్టుకుందామని."

"నేను మిషను పెట్టిస్తానన్నాగా. ఆడదానివి, నువ్వు కత్తి పట్టుకుని చేలో తిరిగితే నలుగురూ ఏమనుకుంటారు? అవతల వాళ్లు ఊరుకుంటారా? సల్లారిన ఊరిది. మళ్లీ ఎందుకు నిప్పు?"

"కత్తి లేని ఇల్లేదో చెప్పు ఈ ఊళ్లో."

అతను గిన్నె గుమ్మంలోనే పెట్టి వెళ్లిపోయాడు. లోపలికి తెచ్చి పెట్టకపోవడం అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే పోలీసు మనిషి వచ్చి, కత్తితో సహా ఆమెను పిలుచుకుపోయాడు. హత్య జరిగినప్పటి నుంచీ పంచాయతీ ఆఫీసు వరండాలో పికెట్ ఉంది. హెడ్డు కానిస్టేబులు బాలశౌరి పెద్ద వయసువాడు, రిటైరుమెంటుకు దగ్గర్లో ఉన్నవాడు. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు.

"నీమీద కంప్లెయింటొచ్చిందమ్మా. పగ తీర్చుకోడానికి కత్తి కొన్నావంట."

"ఎవరు చెప్పారు సారూ?"

"ఎవరైతే ఏందిలే. ఊరి మనుషులే." కత్తి తిప్పి తిప్పి చూశాడు. "ఇది తీసుకుని లోపల పడెయ్యచ్చు నేను. పై నుంచి ఆర్డర్లు అట్టాగే ఉన్నయ్. కానీ నువ్వు కూడా సేద్యం చేసుకుని బతకాల గదా. ఒక పని చెయ్యి. పొద్దున్నే వచ్చి తీసుకుపో, సాయంత్రం తెచ్చి ఇక్కడ పెట్టు. రాత్రికి నీ ఇంట్లో ఉండగూడదు. అంతే."

"ఏడుకొండలు ఇంట్లో ఉన్నయ్యి కూడా సాయంత్రానికి ఇక్కడికే వస్తయ్యా?"

బాలశౌరి తల తిప్పుకున్నాడు. ఆమె చేతిలో కత్తి పెట్టి, "ఎండెక్కకముందే పో అమ్మా," అన్నాడు.

అప్పటి నుంచి ఆమె కత్తి బడిపిల్ల చేతిలో పలకలా పంచాయతీ ఆఫీసుకూ చేనుకూ మధ్య తిరిగింది. వీధిలో ఆమె వస్తుంటే అరుగుల మీది మాటలు ఆగిపోయేవి. ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి పిలిచేవాళ్లు. కంప్లెయింటు ఇచ్చింది ఏడుకొండలే అని ఆమెకు అనుమానం కూడా లేదు.

కంప మొదట్లో లొంగలేదు. పైపైన నరికితే కొమ్మ విదిలించుకుని మొహం మీదికొచ్చేది. రెండు రోజులకు అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. ఒక ముల్లు మడమలో దిగి, విరిగి, లోపలే ఉండిపోయింది. అప్పుడు పద్ధతి మార్చుకుంది. ముందు కర్రతో కొమ్మలు ఎత్తిపట్టి, కింద కూర్చుని, చెట్టు మొదలు దగ్గర ఏటవాలుగా రెండు దెబ్బలు. కత్తి బాగా దిగేది. ఎర్రటి పచ్చి కర్రలోకి దిగి, లాగితే వచ్చేసేది. మధ్యాహ్నానికి అంచు మొద్దుబారితే వాగులో సానరాయి తడిపి రుద్దుకునేది. ఒక్కోసారి రాయిని తాకి నిప్పు రాలేది. అయినా అంచు విరగలేదు. నాలుగేళ్లుగా ఏ పనిలోనూ కలగని నెమ్మది ఆ పనిలో కలిగింది. చీకటి పడేసరికి ఒళ్లు హూనమై, ఏ ఆలోచనా లేకుండా నిద్ర పట్టేది.

గట్టు అవతల ఏడుకొండలు మిరప నారు పోసుకున్నాడు. ఈమె చేలోకి దిగిందంటే అతను పని విడిచి వెళ్లిపోయేవాడు. నీళ్లు మధ్యలో వదిలేసి కూడా వెళ్లేవాడు. ఒకరోజు మడి తెగి అతని నారు సగం కొట్టుకుపోతుంటే చూసింది. అతను దూరంగా రోడ్డు మీద బండి పక్కన నిలబడి చూస్తున్నాడు గానీ రాలేదు. చేతిలో ఉన్నది కంప కొట్టే కత్తే అయినా, తన భర్తను నరికినవాడు దాన్ని చూసి వణుకుతున్నాడని తెలియగానే ఆమె గుండెల్లో తీయటిదేదో కదిలింది. ఆ తీపికి తనే భయపడింది. అయినా మర్నాడు అవసరానికి మించి గట్టు దాకా వెళ్లి, అక్కడే కూర్చుని కత్తి నూరింది.

బావి సంగతి జరిగింది ఒకరోజు మిట్టమధ్యాహ్నం. రెండు చేలకూ మధ్య ఒక పాత దిగుడుబావి ఉంది. బోర్లొచ్చాక ఎవరూ వాడక ఎండిపోయి, కంప కమ్ముకుని, తెలియనివాళ్లకు అక్కడ బావి ఉందని కూడా కనపడదు. ఈమె పొద్దుటి నుంచీ కంప లోపల వంగి కొడుతోంది. బయటికి కనపడటం లేదు. ఆమె చేలో లేదనుకునే కాబోలు ఏడుకొండలు మోటారు చూసుకోవడానికి గట్టు మీదికి వచ్చాడు. ఆమె నడుం పట్టేసి, ఊపిరి తీసుకుందామని కత్తితో సహా కంపలోంచి లేచి నిలబడింది. ఇద్దరి మధ్యా పది అడుగులు లేవు. అతను "అమ్మో" అని కూడా అనలేదు. వెనక్కి వెనక్కి అడుగులేశాడు. చూస్తుండగానే కంప చీలి మనిషి మాయమయ్యాడు. కర్రలు విరిగిన చప్పుడు, రాయి దొర్లిన చప్పుడు, ఆ తర్వాత కింద నుంచి అరుపు.

నాగేంద్రమ్మ బావి అంచు దాకా వెళ్లింది. లోపల చీకటిగా, పచ్చగా ఉంది. అరుపు మూలుగైంది. చుట్టూ చూసింది. కనుచూపు మేరలో మనిషి లేడు. ఊరికే వెనక్కి వెళ్లి తన కంప తను కొట్టుకోవచ్చు. ఎవరూ అడగరు. అడిగినా చూళ్లేదంటే సరిపోతుంది. చీకట్లో మొకాలు కనపడలేదన్న మాటకు చెల్లుబాటు ఉన్న ఊళ్లో ఈ మాటకు ఉండదా? అలా నిలబడే ఉంది. మూలుగు సన్నబడుతోంది. ఎండ నెత్తిన కాలుతోంది. ఎందుకు కదిలిందో ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నా ఆమెకు అంతు చిక్కలేదు. మెట్లున్న వైపు వెళ్లి, అడ్డంగా పెరిగిన కంపను కొట్టడం మొదలుపెట్టింది.

కత్తి దెబ్బ విని కిందివాడు మళ్లీ అరిచాడు.

"అక్కా! వద్దక్కా! చంపబాక అక్కా!"

ఆమె జవాబు చెప్పలేదు. దారి కావాలంటే కొట్టాలి. ఒక మెట్టు దిగింది, ఇంకో మొద్దు నరికింది.

"నేను కొట్టలా అక్కా! నా బిడ్డల మీదొట్టు. నేను చేతులు పట్టుకున్నా, అంతే. బావ నా మొకంలోకే చూశాడు. నువ్వేందిరా అన్నాడు. ఆ మాట నాకిప్పటికీ..." దగ్గుతో మాట ఆగింది. ఆమె చెయ్యి ఆగలేదు. ఇంకో దెబ్బ పడింది.

"మమ్మల్నంటావు, మీవోణ్ణి అనవేందక్కా! బావ ఆ రోజు ఇల్లు కదలడని మాకందరికీ తెలుసు. ఫోను చేసి రమ్మంది ఎవరు? రాఘవులు పిలవబట్టేగా వచ్చాడు! వాణ్ణి అడుగు!"

నాగేంద్రమ్మ చెయ్యి పైకి లేచి అక్కడే ఉండిపోయింది. తర్వాత మెల్లగా దించింది.

"మళ్లీ చెప్పు."

"రాజీ మాట్లాడదాం, మీ అన్నను పాలకేంద్రం కాడికి పిలువు అన్నారు మావోళ్లు. పిలిచాడు. వచ్చాక పక్కకు తప్పుకున్నాడు. ఇప్పుడు కత్తి కొన్నావని పోలీసోళ్లకు చెప్పింది కూడా వాడే. నేను చెప్పలా. నాకు పోలీసోళ్ల ముందుకు పోవాలంటేనే కాళ్లు రావు."

ఫోను మోగినప్పుడు ఆమె పొయ్యి దగ్గరుంది. ఎవరని అడిగింది కూడా. "మనోడే" అన్నాడు చెన్నకేశవరావు చెప్పులేసుకుంటూ. మనోడు అంటే పార్టీ మనిషి అనుకుంది. పోలీసులకూ అదే చెప్పింది. ఆ ఫోను దొరకనే లేదు.

ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. చాలాసేపటికి లేచి మిగతా కంప కొట్టుకుంటూ కిందికి చేరింది. ఏడుకొండలు మోకాలి కింద ఎముక విరిగి, కాలు పక్కకు తిరిగి ఉంది. ముళ్లమొద్దు ఒకటి తొడ మీద అడ్డంగా పడింది. ఆమె వంగేసరికి అతను కళ్లు మూసుకున్నాడు. ఆమె మొద్దుకు ఆ చివర రెండు దెబ్బలు, ఈ చివర రెండు దెబ్బలు వేసి పక్కకు నెట్టింది. తన చెంగు చింపి కాలికి కర్ర ముక్క కట్టింది.

"ఈ మాట నలుగుర్లో చెబుతావా?"

"చెబుతా అక్కా. నీ కాళ్లు మొక్కి చెబుతా."

అతని జేబులోని ఫోనుతో బాలశౌరికి ఆమే చేసింది.

కాసేపట్లో ఊరు సగం బావి చుట్టూ చేరింది. నులకమంచానికి తాళ్లు కట్టి ఏడుకొండల్ని పైకి లాగారు. అతని కోడలు దేవిక చెంబుతో నీళ్లు పడుతూ ఏడుస్తోంది. జనంలో రాఘవులు కూడా ఉన్నాడు. బాలశౌరి మంచం పక్కన గొంతుక్కూర్చుని అడిగాడు.

"ఎట్టా పడ్డావు? ఈమె ఏమన్నా చేసిందా?"

ఏడుకొండలు చూపు నాగేంద్రమ్మ మీదికి పోయింది, అక్కణ్ణుంచి రాఘవులు మీదికి, ఆ వెనక నిలబడ్డ పాత ముద్దాయిలు ముగ్గురి మీదికి.

"ఏం చెయ్యలా. కాలు జారింది."

"ఇందాకటి మాట చెప్పు," అంది నాగేంద్రమ్మ.

అతను కళ్లు మూసుకున్నాడు. "నాకు నొప్పిగా ఉందక్కా. ఆస్పత్రికి తీసకపోండి."

"చెప్పరా!"

మంచం లేచింది. జనం తోవ ఇచ్చారు. ఆటో ఎక్కించేదాకా అతను కళ్లు తెరవలేదు. నాగేంద్రమ్మ బాలశౌరికి తను విన్నది చెప్పింది. ఆయన అంతా విన్నాడు.

"నిజమే అయ్యుండచ్చమ్మా. కానీ కేసు కొట్టేశారు. వాడు కాదంటే కాదు. బావిలో పడి, నీ చేతిలో కత్తి చూసి, భయపడి అన్న మాటకి విలువేముంది?" అని, వెళ్లబోతూ ఆగి, "నువ్వు వాణ్ణి వదిలేసి పోయినా నేను తప్పు పట్టేవాణ్ణి కాదు," అన్నాడు. ఆ గొడవలో కత్తి అప్పజెప్పమని అడగడం ఆయన మర్చిపోయాడు.

ఆ సాయంత్రం అన్నం రాదనుకుంది. వచ్చింది. రాఘవులే తెచ్చాడు. తేకపోతే ఒప్పుకున్నట్టవుతుందనుకున్నాడో ఏమో. ఆమె అరుగు మీద కూర్చుని మడమలో ముల్లు తీసుకుంటోంది. కత్తి పక్కనే ఉంది.

"కూర్చో రాఘవులూ."

"పనుంది వదినా."

"ఆ రోజు మీ అన్నకి ఫోను చేసింది నువ్వేనా?"

అతను గిన్నె అరుగు మీద పెట్టాడు. ముందు లేదన్నాడు. ఏడుకొండలు పగతో అన్నాడన్నాడు. ఆమె ముల్లు తీసుకోవడం ఆపి చూస్తూ ఉండేసరికి గోడకు జారగిలబడ్డాడు.

"రాజీ అన్నారు వదినా. నాలుగు దెబ్బలు కొట్టి వదిలేస్తారనుకున్నా. పిలవకపోతే నన్నేస్తామన్నారు. చంపుతారని నేననుకోలా. కోర్టులో నిజం చెబితే ఇది కూడా బయటికొచ్చుద్దని..."

"మరి నాకు రోజూ అన్నం ఎందుకు తెస్తన్నావు?"

అతను ఏడ్చాడు. మగాడి ఏడుపు చూస్తే ఎప్పుడూ కరిగిపోయే మనిషి ఆమె. ఆ రోజు లోపల ఏదీ కదల్లేదు. అతని చూపు తన మొహం మీద కాక కత్తి మీద ఉందని గమనించింది. తను దాన్ని ముట్టుకోదు. ముట్టుకోలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, అతనికి తెలియదు. ఒక్క మాట చెబితే అతనికి నిద్ర పడుతుంది. ఆమె ఆ మాట చెప్పలేదు.

"చేలో పైరు కోసుకో. ఆ తర్వాత నా రెండెకరాల్లో కాలు పెట్టమాక. ఆ గిన్నె తీసుకుపో. రేపటి నుంచి తేబాక."

పైరు కోసిన వారంలోనే రాఘవులు పెళ్లాం పిల్లలతో సత్తెనపల్లి వెళ్లిపోయాడు. ఎందుకెళ్లాడని ఊళ్లో ఎవరూ పైకి అడగలేదు. వదిన నరుకుతానందని కొందరన్నారు. కాదు, ఆస్తి గొడవన్నారు కొందరు. నాగేంద్రమ్మ ఏదీ కాదనలేదు. ఏడుకొండలు ఆస్పత్రి నుంచి కర్ర ఊతతో తిరిగొచ్చాడు. చేలోకి రావడం మానేసి ఇంటి ముందు కూర్చునేవాడు. ఆమె ఆ వీధిన పోతే లోపలికి వెళ్లడానికి లేవలేక తల దించుకునేవాడు.

వాగు పక్క ఎకరం శుభ్రమైంది. మొదళ్లు తవ్వి, తగలబెట్టి, దున్నించి మిరప వేసింది. పొరుగూరి ట్రాక్టరు వచ్చి దున్నింది గానీ, నాట్లకు గానీ కలుపుకు గానీ ఊళ్లో కూలి మనుషులెవరూ రాలేదు. పిలిస్తే "ఖాళీ లేదమ్మా" అని మర్యాదగానే చెప్పేవాళ్లు. అందరూ మర్యాదగానే ఉన్నారు. మగాళ్లు ఆమెను చూసి చుట్ట చేతిలో దాచుకునేవాళ్లు. పాలకేంద్రం దగ్గర వరస తప్పించి ఆమెకు ముందు పోసేవాళ్లు. నీళ్ల వంతు దగ్గర ఒక్కరూ గొడవ పడలేదు. చెన్నకేశవరావు బతికుండగా కూడా ఆ ఇంటికి అంత మర్యాద లేదు. కానీ పండగ పూట కూడా ఆమె గడప తొక్కినవాళ్లు లేరు. జ్వరమొచ్చి మూడు పూటలు పడుకుంటే తలుపు తట్టినవాళ్లు లేరు. భయపెట్టి బతకడం అంటే ఇదేనని, నరికినవాళ్లూ ఇన్నేళ్లూ ఇలాగే బతికి ఉంటారని, జ్వరంలో ఆమెకు ఒకసారి తోచింది. ఆ ఆలోచన జ్వరం తగ్గాక కూడా పోలేదు.

మిరప పండింది. చెట్టుకు విరగకాసింది. కోత ఆలస్యమైతే కాయ తెల్లబారి తాలవుతుంది, వాన పడితే మచ్చొస్తుంది. నాగేంద్రమ్మ ఒక్కతే తెల్లారుతూనే దిగి, ఒంటి చేత్తో సాలు సాలూ కోసుకుంటూ పోయేది. సాయంత్రానికి వెనక్కి తిరిగి చూస్తే కోసింది మూల ఒక చాపంత, కోయాల్సింది చేనంతా ఎర్రగా. కళ్లు మండేవి. మంటకు నీళ్లు కారుతున్నాయో, వేరే అందుకో తెలియకుండా పోయేది.

ఒక పొద్దున ఆమె సగం సాలులో ఉండగా గట్టు మీద ఎవరో నిలబడ్డట్టనిపించి తలెత్తింది. ఏడుకొండలు కోడలు దేవిక. తలకు గుడ్డ కట్టుకుని, చంకలో గోతాం పట్టుకుని ఉంది. వెనక్కి ఊరి వైపు ఒకసారి చూసి, చెప్పులు గట్టు మీద విడిచింది.

"మీ మామకి తెలుసా?" అంది నాగేంద్రమ్మ.

"తెలుసు."

"ఏమన్నాడు?"

"ఏమన్లా. మొకం గోడవైపు తిప్పుకున్నాడు."

దేవిక ఆమెను చూడటం లేదు, చేను చూస్తోంది. భయపడుతూనే ఉంది. గోతాం పట్టుకున్న వేళ్లు బిగుసుకుని ఉన్నాయి.

"యాడ పట్టమంటావత్తా?"

నాగేంద్రమ్మ చేత్తో పక్క సాలు చూపించింది. దేవిక దిగి, వంగి, కోయడం మొదలుపెట్టింది. నాగేంద్రమ్మ కూడా తన సాలులోకి వంగింది.